అమ్మ ఎడం చెయ్యి

మా అమ్మ ఎడం చెయ్యి కుడి చేతికంటే లావు. కొంగు కప్పుకుని నడిచిపోతుంటే ఎవరికీ తెలీదు. గాజులమ్మే ఆమె ముందు కూర్చుంటే మాత్రం బయటపడుతుంది. కుడి చేతికి సులువుగా ఎక్కే గాజు ఎడం చేతికి మెటికల కాడే ఆగిపోతుంది. అందుకని ఒక చేతికే వేసుకుంటుంది. ఎవరైనా కొత్తవాళ్లు చూసి అదేందని అడిగితే, "అర డజనుకే దుడ్లుండె" అని నవ్వి ఊరుకుంటుంది.

2017లో వేలూరులో అమ్మకు ఎడం రొమ్ము తీసేసినారు. దాంతోపాటు చంకలో ఉండే లింఫు గ్రంథుల్ని కూడా తీసినారు. చేతిలో ఊరే నీరు ఆ గ్రంథుల గుండానే తిరిగి ఒంట్లోకి పోతుందట. దావ మూసేస్తే నీళ్లు యాడికి పోతాయి? చేతిలోనే నిలుస్తాయి. ఆ చేత్తో బరువెత్తకూడదని, సూది వేయించుకోకూడదని, బీపీ చూపించుకోకూడదని, ముఖ్యంగా కోసుకోకుండా, గీరుకుపోకుండా చూసుకోవాలని అక్కడి నర్సమ్మ తమిళంలో చెప్పింది. అమ్మ అంతా విని, "అట్లయితే గంపలు ఎవురల్లేది తల్లీ?" అని అడిగింది. నర్సమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మేం ఎరుకలోళ్లం. వెదురు చీల్చేటప్పుడు కుడి చేతిలో కత్తి ఉంటుంది, ఎడం చేతిలో వెదురు ఉంటుంది. కోసుకునేది ఎప్పుడూ ఎడం చెయ్యే.

మాది గుడిపాల మండలంలో ఒక చిన్న కాలనీ, చిత్తూరు నుంచి వేలూరికి పోయే పక్క. మాకు తిరుపతి దూరం, వేలూరు దగ్గర. ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. మా జేజి కాలం నుంచీ మా పక్కవాళ్లు పెద్ద జబ్బు చేస్తే అక్కడికే పోతారు. పైగా మా ఇంటి భాష తమిళానికి దగ్గర. వార్డులో తెలుగువాళ్లు దుబాసీల కోసం వెతుక్కుంటా ఉంటే అమ్మ మాత్రం పక్క మంచాలవాళ్లందరితో మాట కలిపేసింది. బళ్లో నన్ను ఎగతాళి పట్టించిన భాష అక్కడ మాకు పనికొచ్చింది.

ఆపరేషను, కీమో, ఆ తర్వాత కరెంటు పెట్టడం. రేడియేషన్‌ను మా పక్క అట్లే అంటారు. అన్నీ అయ్యేసరికి దగ్గర దగ్గర ఏడాది పట్టింది. అన్న సాకిన పందులన్నీ అమ్మేసినాడు. జుట్టు మళ్లీ వచ్చినాక కాలనీ అంతా "బాగైపోయింది" అనింది. బాగైపోవడం అంటే ఏందో మాకు అప్పటినుంచి తెలిసింది. రోజుకొకటి చొప్పున ఐదేళ్లపాటు టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల మాత్ర. ఆర్నెల్లకొకసారి డాక్టరు చెయ్యి పెట్టి చూడాలి. ఏడాదికొకసారి మిగిలిన రొమ్ముకు మామోగ్రాం. చేతికి బిగుతు తొడుగు, పొద్దునా సాయంత్రం వ్యాయామం. ఒళ్లు నొప్పొచ్చినా, దగ్గొచ్చినా అది మామూలుదా, లేక తిరిగొచ్చిందా అనే భయం. జబ్బు మనిషికి ఊర్లో ఒక మర్యాద ఉంటుంది, పండో ఫలమో తెచ్చిస్తారు, పని చెప్పరు. బాగైపోయినామెకు అదేమీ ఉండదు.

2020 ఏప్రిల్ మొదటి వారంలో అమ్మకు వేలూరులో చెకప్ ఉంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, రెండు రోజులకే దేశమంతా లాక్‌డౌన్. నేను అప్పుడు తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరును. బడి మూసేసినారు, జీతం ఆపేసినారు. కొండ మీద దర్శనాలే ఆగిపోయినాయంటే ఇంక బడెంత అనుకుని, దొరికిన కూరగాయల బండెక్కి ఊరొచ్చేసినాను. వచ్చిన రోజు అమ్మ గుడిసె ముందర కూర్చుని చాట అల్లుతోంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి పెట్టుకునింది. తొడుగు లేదు. "ఎండకు చెమట పడతాంది మే" అనింది.

నెలాఖరుకు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఇబ్బందేమీ లేకపోతే రావొద్దు, తేదీ తర్వాత చెప్తాం, డాక్టరు ఫోన్లో మాట్లాడతారు అన్నారు. దాన్ని నేను తప్పు పట్టను. కీమో తీసుకున్న ఒళ్లు, అంతమంది జనం మధ్యకు పోతే కరోనా రావచ్చు. ప్రపంచమంతా అదే చేసింది. చికిత్స జరుగుతున్న వాళ్లను ముందు చూసినారు, చికిత్స అయిపోయి బాగున్నవాళ్లను వాయిదా వేసినారు. ఆ తర్వాత ఎప్పుడో ఒక లెక్క చదివినాను. మన దేశంలో 41 క్యాన్సర్ ఆస్పత్రుల్లో 2019 మార్చి నుంచి మే దాకా మళ్లీ చూపించుకోను వచ్చినవాళ్లు 6,34,745 మంది. 2020లో అవే మూడు నెలల్లో 3,40,984 మంది. తగ్గినవాళ్లలో మా అమ్మ ఒకటి.

చెకప్ లేకపోయినా ఫరవాలేదు, మాత్రలో? ఇంట్లో ఉన్నవి ఏప్రిల్ 10 దాకా వస్తాయి. మా పక్క మందులంగళ్లలో జ్వరం మాత్ర, షుగరు మాత్ర దొరుకుతాయి గానీ ఇది దొరకదు. అన్న చిత్తూరుకు పోయినాడు. పొద్దున కొన్ని గంటలే అంగళ్లు తీస్తారు, దావలో పోలీసులు. ఒక అంగట్లో తమిళనాడు చీటీ చెల్లదన్నారు. ఇంకో అంగట్లో సరుకు రాలేదన్నారు. డాక్టర్లు ఫోన్లో చూసి మందు రాసివ్వచ్చని కేంద్రం మార్చి 25నే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంగతి మాకూ తెలీదు, ఆ అంగడాయనకూ తెలీదు.

చివరికి మాత్రలు తెచ్చింది పాల వ్యాను. సరుకు బండ్లకు చెక్‌పోస్టు కాడ అడ్డు లేదు. అన్న స్నేహితుడొకాయన వేలూరు పక్కకు పాలు తోలతాడు. ఆయన ఫోనుకు చీటీ పంపితే మూడు నెలల మాత్రలు తెచ్చి, పైన గంజినీళ్ల మాదిరి శానిటైజరు పోసి మరీ ఇచ్చినాడు. అప్పటికి ఏప్రిల్ 19. నేను పాత పట్టీ చూస్తే ఇంకా నాలుగు మాత్రలు మిగిలుండాయి. లెక్క కుదరలేదు. అడిగితే తల వంచుకునింది. లాక్‌డౌన్ అన్న రోజునుంచే రోజు మార్చి రోజు వేసుకుంటోంది. బియ్యం తక్కువైతే ఎట్ల సర్దుతుందో అట్లే మాత్రల్నీ సర్దింది. "నీకు జీతం లేదు, మీ అన్నకు పని లేదు, నేనేం అడిగేది?" అనింది. నాకు కోపమొచ్చింది. కోపం ఎవరిమీదో తెలియక ఆమెమీదే అరిచినాను.

ఆ ఏప్రిల్ ఆఖరులోనే గోడ సంగతి విన్నాం. చిత్తూరు నుంచి పొన్నై పోయే రోడ్డుకు, పలమనేరు నుంచి గుడియాత్తం పోయే రోడ్డుకు సైనగుంట కాడ, సరిహద్దులో అడ్డంగా సిమెంటు ఇటుకలతో గోడలు కట్టినారు. మనుషులు రాకుండా. మా దావలో కాదు, పక్క దావల్లో. అయినా ఫోన్లో ఫొటో చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పత్రికల్లో, టీవీల్లో గోల అయినాక ఒకటి రెండు రోజుల్లోనే వాటిని తీసేసినారు. అమ్మకు మాత్రం గోడ పోయినట్టు నమ్మకం కుదరలేదు. పాస్ తీసుకుంటే పోనిస్తారన్నారు. పాస్‌కు కారణం రాయాలి. గుండెనొప్పి అని రాయచ్చు, కాన్పు అని రాయచ్చు. జబ్బు తిరిగొచ్చిందా లేదా చూపించుకోవాలి అని రాస్తే అది అత్యవసరమా?

పాస్ అన్న మాట మా జేజి చెవిన పడింది. ఆమెకు ఎనభై దాటినాయి. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాయన పక్క ఊరి సంతకు గంపలు తీసుకుపోవాలన్నా స్టేషన్లో చీటీ రాయించుకోవాలంట. రాత్రి పోలీసు వచ్చి పేరు పిలిస్తే పలకాలంట. నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టి, 1911లో మా మద్రాసు రాజ్యానికీ వచ్చింది. మా చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. స్వాతంత్ర్యం వచ్చినాక చట్టం పోయింది. జేజి మాత్రం, "మళ్లా చీటీ పెట్నారా?" అనింది. ఈసారి చీటీ ఊరందరికీ అవ్వా, మనకొక్కరికే కాదు అని చెప్తే, "అయితే పరవాలేదు పో" అనింది. ఆ మాటకు అమ్మ కూడా నవ్వింది.

మే నెలలో డాక్టరమ్మ ఫోన్ చేసింది. మా కాలనీలో సిగ్నలు చింతచెట్టు కిందే దొరుకుతుంది. అక్కడ పదిమంది కూర్చుని ఉంటారు. రొమ్ము గురించి అక్కడ ఎట్ల మాట్లాడేది? వదిన వాళ్లందరినీ ఏదో చెప్పి పంపించేసింది. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఒళ్లు తగ్గినావా? దగ్గుందా? మెట్లెక్కితే ఆయాసమా? వెన్నులో, తుంటిలో రాత్రిపూట నొప్పుందా? తల నొప్పితో వాంతులా? బట్ట మీద రక్తం కనిపిస్తోందా? ఆ మాత్రకు గర్భసంచిలో తేడా రావచ్చని, అందుకే అడుగుతున్నానని చెప్పింది. అన్నింటికీ అమ్మ "లేదమ్మా" అనింది. అప్పుడు డాక్టరమ్మ, "నేను చెయ్యి పెట్టి చూడలేను కదా, ఇంట్లో ఎవరు చూస్తారు?" అని అడిగింది. అమ్మ నా పక్క చూసింది.

మూడేళ్లలో అమ్మ ఆ మచ్చను నాకు చూపించలేదు. ఆస్పత్రిలో కట్లు కట్టేటప్పుడు కూడా నన్ను బయట నిలబెట్టేది. ఇంటికొచ్చి "మే, తలుపెయ్యి" అనింది. తడిక తలుపు దగ్గరికేసి, సందుల్లో చీర కట్టినాను. డాక్టరమ్మ చెప్పినట్టు చాప మీద పడుకోబెట్టి, చెయ్యి తల కిందికి పెట్టించి, మూడు వేళ్ల మెత్తలతో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు చూసినాను. కంటెముక కింద నుంచి పక్కటెముకల దాకా, మచ్చ పొడుగునా, చంకలో, మెడ పక్కన గుంటలో, ఆ తర్వాత రెండో పక్క. మచ్చ మీద కొత్తగా ఎర్ర పొక్కులు గానీ, కందిగింజంత గట్టి గుళ్లు గానీ ఉంటే వెంటనే చెప్పమనింది. ఉండేది ఏందో తెలిస్తే కదా కొత్తది తెలిసేది. ఆ మొదటి రోజు నాకు ప్రతి ఎముకా గడ్డలాగే తగిలింది. నా వేళ్లు వణుకుతా ఉంటే అమ్మే చెయ్యి పట్టి చూపించింది. "ఇది ఎముక. ఇది కుట్టు. ఇది కరెంటుకు గట్టిపడిన తోలు. దీన్ని నేను రోజూ చూసుకుంటా." చదువు రాని మా అమ్మ వెదురు కణుపు ఎక్కడ గట్టో ఎక్కడ మెత్తనో కళ్లు మూసుకుని చెప్తుంది. ఆమె వేళ్లే నాకు నేర్పించినాయి.

అసలు గండం జులైలో వచ్చింది. మామిడి కాలం. ఇప్పుడు కాయలకు ప్లాస్టిక్ ట్రేలే వాడుతున్నారు గానీ కొందరు రైతులు ఇంకా గంపలే అడుగుతారు. నాలుగు నెలలు పని లేకుండా పోయి, ఒకాయన నలభై గంపలు కావాలంటే అమ్మ కాదనలేకపోయింది. మూడో రోజు ఎడం బొటనవేలికి వెదురు ఈనె దిగింది. తీసేసి పసుపు పెట్టుకునింది. మరుసటి రాత్రికి వణుకు, జ్వరం. చెయ్యి మోచేతి దాకా ఎర్రగా, ముట్టుకుంటే కాలేట్టు ఉంది.

అప్పటికి జిల్లాలో కేసులు పెరుగుతా ఉండాయి, తిరుపతిలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినారు. జ్వరం అన్న మాట బయటికి పోతే కాలనీ చుట్టూ కట్టెలు కడతారు, ఇంటిల్లిపాదినీ క్వారంటైనుకు తోలతారు అని అందరికీ భయం. పాలు పోయించుకునేవాళ్లు మా పక్కకు రారు. అందుకని అమ్మ రాత్రంతా పళ్లు బిగబట్టి దుప్పటి కప్పుకుని ఉండింది. తెల్లవారి నేను చూసేదాకా చెప్పలేదు. పక్కింటి అత్త, "ఒక రెండు దినాలు చూడండ్రా, ఎవురికీ చెప్పబాకండి" అనింది. ఆమె చెడ్డదని కాదు. ఆమె ఇంట్లో ముగ్గురు పసిబిడ్డలు.

నేను అమ్మ చెయ్యి ఫొటో తీసి, ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, మళ్లీ తీసి వేలూరుకు వాట్సాప్‌లో పంపినాను. నీరు నిలిచే చేతిలో చిన్న గాటు పడినా సూక్ష్మక్రిములు బిరబిరా పాకుతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. గంటలో ఫోన్ వచ్చింది. ఇది కరోనా జ్వరం కాదనుకుంటున్నాను, అయినా పరీక్ష చేయించండి, పరీక్ష ఫలితం కోసం మాత్రం ఆగొద్దు, ఈరోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టండి, గీత దాటి ఎరుపు పాకినా, మనిషి మత్తుగా అయినా ఏ ఆస్పత్రికైనా తీసుకుపోండి అనింది. మందు పేరు రాసి పంపింది. మా సబ్‌సెంటరు నర్సమ్మ మాస్కు మీద మాస్కు కట్టుకుని వచ్చింది. ఆమె చూసిన మొదటి పని నాకు ఇప్పటికీ గుర్తుంది. బీపీ పట్టీ తీసి ఎడం చేతికి చుట్టబోయింది. అంత జ్వరంలోనూ అమ్మ "ఆ చెయ్యి కాదు" అని కుడి చెయ్యి చాపింది.

రెండో రోజు ఎరుపు గీత దాటింది, ఒక అంగుళం. అన్న బండి సిద్ధం చేసుకున్నాడు. మూడో రోజు ఆగింది. నాలుగో రోజు గీత లోపలికి తగ్గింది. పరీక్షలో కరోనా లేదని వచ్చింది. ఆ నలభై గంపల్లో మిగిలిన ఇరవై ఆరూ నేను, వదినా కలిసి అల్లినాం. నావి చూసి రైతు, "ఇవి ఎవురల్లినారు?" అని అడిగినాడు. రేటు తగ్గించినాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పని మారింది. చీల్చడం వదినది, అడుగు అల్లడం అమ్మది. ఎడం చేతికి తోటపనివాళ్లు వాడే తోలు గ్లవుజు కొన్నాం. తొడుగు కొత్తది కొనే స్తోమత లేక నర్సమ్మ చెప్పినట్టు సాగే బ్యాండేజీ వేళ్ల నుంచి పైకి చుట్టడం నేర్చుకున్నాం. మాత్ర వేసుకున్న రోజు గోడ మీద బొగ్గుతో గీత. ఆదివారం నేను గీతలూ మాత్రలూ లెక్కపెడతాను. మళ్లీ మోసం చేయదని నమ్మకం లేక కాదు. సరే, నమ్మకం లేకే.

2021లో టీకా. అందరికీ ఎడం చేతికే వేస్తున్నారు, వరస పొడుగ్గా ఉంది, సిబ్బంది అలిసిపోయి ఉండారు. అమ్మ కుడి చెయ్యి చాపితే, "ఎడమది పెట్టవ్వా" అని కసిరినారు. రొమ్ము తీసిన పక్క కాకుండా రెండో పక్క వేయించుకోవాలి, టీకాకు చంకలో బిళ్లలు కడితే జబ్బేమో అని అనవసరంగా భయం కూడా పుడుతుంది అని నేను చెప్పేలోపలే, వరసలో వెనకాల ఉన్న మా కాలనీ ఆడవాళ్లు నలుగురూ ఒక్కసారి "ఆమెకు కుడికే!" అన్నారు. ఒకప్పుడు అమ్మ జబ్బు పేరు కూడా ఎత్తని ఆడవాళ్లు వాళ్లు.

వార్డులో అమ్మ పక్క మంచంలో ఉండిన పొన్నై అక్క గురించి చెప్పకుండా ఉండలేను. ఇద్దరికీ ఒకే నెలలో ఆపరేషను. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. గోడ కట్టినప్పుడు ఆ పక్క నుంచి ఆమె, ఈ పక్క నుంచి అమ్మ గంటసేపు తిట్టుకున్నారు, ఎవరిని తిట్టాలో తెలీక. 2020 ఆఖరులో ఆమెకు నడుము నొప్పి మొదలైంది. పొలంపని నొప్పి అనుకునింది. ఆమె కొడుకు ఊర్లో లేడు, ఇంట్లో స్మార్టు ఫోను లేదు. డాక్టరు చేసిన ఫోను ఎవరెత్తినారో తెలీదు. బస్సులు తిరిగి, ఆస్పత్రికి పోయేసరికి వెన్నెముకలోకి వచ్చేసింది. 2021 నవంబరు వానల్లో పోయింది. వాయిదా వేసినందుకే పోయిందని నేను అనలేను, ముందు చూసినా అది తిరిగొచ్చేదేమో. అమ్మ మాత్రం ఆదివారం ఆ వేళకు ఫోను చేతిలో పట్టుకుని చింతచెట్టు కిందికి పోయి కూర్చుంటుంది.

అమ్మ మామోగ్రాం పదిహేడు నెలలు ఆలస్యమైంది. నాకు తిరుపతిలో మళ్లీ పని దొరికినాక అక్కడికే తీసుకుపోయి చేయించినాను. రిపోర్టు చేతికొచ్చే దాకా ఆమె అలిపిరి పక్క చూస్తా ఏమీ తినలేదు. బాగుంది అన్నారు. అలిపిరి దగ్గర టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో మొదలైంది. దానికి నెల ముందే జిల్లాను మూడు ముక్కలు చేసినారు. తిరుపతి ఇప్పుడు మాకు పక్క జిల్లా. దానికి గోడ లేదు కాబట్టి ఫరవాలేదు అంటుంది అమ్మ.

మాత్ర ఐదేళ్లు నిండినాక, ఇంకో ఐదేళ్లు వేసుకుంటే మేలని డాక్టరు చెప్పినాడు. అమ్మ ఎన్ని పట్టీలవుతాయని అడిగింది. నేను వేళ్ల మీద లెక్కపెడుతుంటే, "సరేలే, గోడ చాలా ఉంది" అనింది.

నేను తిరుపతి నుంచి నెలకొకసారి ఊరికి పోతాను. మొదటి తారీకు అటూ ఇటుగా. అమ్మ స్నానం చేసి, చాప పరిచి, "మే, తలుపెయ్యి" అంటుంది. ఇప్పుడు వదిన కూడా లోపలికి వస్తుంది. అమ్మది అయినాక ఆమె చాప మీద పడుకుంటుంది, ఆ తర్వాత నేను. పోయిన నెల పక్కింటి అత్త కూడా వాకిట్లో నిలబడి, లోపలికి రావచ్చునా అని అడిగింది.